తాళం వెయ్యక ముందు

మూడేళ్లుగా నా తేనె నల్లబడుతోందని
లోయంతా పాకిన ఊదాపూల కలుపుని తిట్టాను.
సీసాకి అర డాలరు తగ్గించి అమ్మాను.
కుడికంటి శుక్లం తీసిన మర్నాడు
అదే అలమర, అదే సీసా,
లేత ఎండ పోసి మూత బిగించినట్టుంది.
కలుపుమొక్కకి క్షమాపణ ఎలా చెప్తారో
నాకు తెలీదు.

బిట్టర్‌రూట్ లోయలో నావి నలభై రెండు పెట్టెలు.
పేరు డెల్మర్ వోస్. డెబ్బై ఒకటి నిండాయి.
అబద్ధం ఆడటం చేతకాదనుకునేవాణ్ణి.
గదుల అడుగున గుడ్లు కనపడటం మానేశాక మాత్రం
పక్కింటి కుర్రాడు రీస్ చేతికి చట్రం ఇచ్చి
"చూడు, నేర్చుకో" అనేవాణ్ణి.
వాడు చూసి చెప్పేవాడు.
నేను తలాడించేవాణ్ణి, గురువులా.

మిజూలాలో డాక్టర్ ఫర్హాదీ అంది:
ఈ లెన్సు ఇంకా పచ్చిది, సారె మీది మట్టి.
కంట్లో పెట్టాక బయటినుంచి వెలుగు పోసి
నీకు కావలసిన చూపుకి దిద్దుకుంటూ వస్తాం.
ఏ వెలుగు?
అతినీలలోహితం. నీకు కనపడదు.
నాకు నవ్వొచ్చింది.
మా ఈగలకి కనపడుతుందమ్మా, అన్నాను.
డాండెలియన్ పువ్వు నడుమ
వాటికో చీకటి గుండ్రం ఉంటుంది.
మనకే అంతా ఒకటే పసుపు.

ఎడమకన్నూ అయింది. ఇక కళ్లద్దాలు,
లేచింది మొదలు పడుకునేదాకా.
ఇంట్లో ఒక జత, ఎండకి ఒక జత,
వలముసుగు కింద చెమటకి జారే ఆ జతే.
దొంగ ఎండ చుక్క దూరినా
లెన్సు తన ఇష్టానికి గట్టిపడుతుందట,
ఎవరూ కోరని చూపు దగ్గర.
రాత్రి రెండింటికి నీళ్లకని లేచి
ఫ్రిజ్ బల్బుకి భయపడి
అద్దాల కోసం మంచమంతా తడిమాను.

గడ్డం ఆనించాను. కంటిమీద జిగురు, దానిమీద గాజు.
మినుకుమనే చుక్కని చూడండి, కదలకండి.
తొంభై సెకన్లు.
రెప్పమీద ఈగ నడుస్తున్నా కదలకుండా ఉండటం
యాభై ఏళ్లు నేర్చినవాణ్ణి.
బయటికొస్తే మంచు, నా ట్రక్కు,
చెత్తబుట్ట మూత కూడా గులాబీరంగు.
సాయంత్రానికి దిగిపోయింది.
కాస్త బెంగపడ్డాను దానికోసం.

రెండోసారికి కొండమీద పైన్ చెట్లు విడివిడిగా నిలబడ్డాయి.
మూడోసారి ఆమె అడిగింది:
ఎడమకన్ను ఎటు తిప్పను, దూరానికా, దగ్గరికా?
ఇది తేలితే వచ్చేవారం తాళం వేస్తాను.
తాళం పడ్డాక మార్పు లేదు.

నా చూపు సంగతి నన్నెవరూ అడగలేదు ఇంతవరకు.
వచ్చింది చూశాను.
పోయింది చూడలేదు.
నాలుగు రోజులు గడువిమ్మన్నాను.

ఆ శనివారం పదిహేడో పెట్టె దగ్గర
మందుల షాపు భూతద్దాల జత ఒకటి
అద్దాల మీద అద్దాలుగా పెట్టుకుని
చట్రం ఎత్తాను.
గది అడుగున నూకగింజంత గుడ్డు,
నిటారుగా.
నిటారుగా ఉంటే ఇవాళ్టిది. ఒరిగితే నిన్నటిది.
పడుకుంటే మొన్నటిది.
ఇవాళ రాణి ఇక్కడ నడిచింది, అన్నాను పైకే.

రీస్ పొగడబ్బా కింద పెట్టాడు.
"నాకు తెలుసు" అన్నాడు.
ఏంటి?
"మూడేళ్లూ నువ్వు ఎండకి ఎదురుగా పట్టుకున్నావు చట్రాన్ని.
గుడ్లు చూసేవాడు ఎండని వీపున మోస్తాడు.
నువ్వే నేర్పావుగా."
వాడికి పధ్నాలుగేళ్లు. ఇంకేమీ అనలేదు.
నేనూ అనలేదు.
పద్దెనిమిదో పెట్టె మూత తీశాం.

దగ్గరికే, అన్నాను డాక్టరుతో.
ఆ కంటికి కొండ కాస్త మసకగా ఉండనీ.
గుంపు లేచి ఏ కొమ్మకి చేరిందో
చెప్పడానికి కుర్రాడున్నాడు.

తాళం పడింది. అద్దాలు డబ్బాలోకి పోయాయి.
ముక్కుమీదికి చెయ్యి ఇంకా వెళ్తూనే ఉంది.
పొద్దున పెట్టెల పక్కన మోకాళ్లమీద కూర్చుని
డాండెలియన్‌ని ముఖం ఆనేంత దగ్గరగా చూశాను.
ఒకటే పసుపు.
నా మణికట్టు మీదినుంచి ఒక ఈగ దిగి
తిన్నగా నడుమకి నడిచింది.

సీసా ధర అర డాలరు పెంచాను.